ముయ్యి పుస్తకం



మాది కోసిగి. కర్నూలు జిల్లాలో పడమటి కొన. ఇటు ఆదోని, అటు మంత్రాలయం. తుంగభద్ర దాటితే కర్ణాటక. మా ఊళ్లో పెండ్లి మాటలు ఎప్పుడు మొదలవుతాయో చెబుతాను. పంట ఇంటికి వచ్చినప్పుడు కాదు. గుంటూరు దిక్కు మిరప కోతలకు పోయినవాళ్లు తిరిగొచ్చినప్పుడు.

సంక్రాంతికి కాస్త అటూ ఇటూగా మా దగ్గర ఇండ్లకు తాళాలు పడతాయి. అరుగుల మీద ముసలివాళ్లు మాత్రం మిగులుతారు. ఉగాదికి ఆ తాళాలు తెరుచుకుంటాయి. నెలల తరబడి ఎండలో, ఘాటులో, కండ్లు మండుతుంటే కోసిన కాయల కూలి అది. కొంగున ముడేసుకుని తెస్తారు. ఆ ముడి చాలా ఇండ్లలో విప్పేది పెండ్లికే.

ఆ కొంగుముడి గురించే ఈ పూట మీతో మాట్లాడాలని వచ్చాను.

నేను ముప్పై ఏండ్లు బడిలో పాఠాలు చెప్పాను. రెండేండ్ల కింద మా అమ్మాయి పెండ్లి చేశాం. ఆ పెండ్లి పనులు ఎక్కడ మొదలుపెట్టామంటే, మండపం దగ్గర కాదు, బట్టల అంగడిలో కాదు. మా నాయన ట్రంకు పెట్టె దగ్గర. ఆ పెట్టె అడుగున ఒక పాత నోటు పుస్తకం ఉంది. అట్ట చినిగిపోయి, దారంతో కుట్టి ఉంది. అది మా ఇంటి ముయ్యి పుస్తకం.

ముయ్యి అంటే తెలియని చిన్నవాళ్లు కూడా వింటుండొచ్చు. పెండ్లికి వచ్చినవాళ్లు చదివించేదాన్ని మా దిక్కు ముయ్యి అంటాం. అది దానం కాదు. వడ్డీకిచ్చిన అప్పూ కాదు. ఈ రోజు మీ ఇంట్లో నేను పెడతాను, రేపు మా ఇంట్లో మీరు పెడతారు. అందుకే రాసి ఉంచుకుంటారు. మరిచిపోతే మాట పోతుంది.

మా నాయన చేతిరాతలో ఆ పుస్తకంలో ఏముందనుకున్నారు? అయిదు రూపాయలు. రెండు శేర్ల బియ్యం. ఒక గుమ్మడికాయ. ఒకాయన పేరు ఎదురుగా "పందిటికి నాలుగు గుంజలు" అని ఉంది. ఇంకొకాయన పేరు ఎదురుగా "ఎద్దులబండి రెండు రోజులు" అని ఉంది. ఒక అవ్వ పేరు ఎదురుగా డబ్బు లేదు, వస్తువు లేదు. "పసుపు దంచింది" అని మాత్రం రాశాడు మా నాయన.

ఆ మాట చదివి నేను చాలాసేపు అట్లే కూర్చున్నాను. పసుపు దంచడం కూడా బాకీయే. అది కూడా తీర్చాల్సిందే అని ఆయన లెక్క. ఆ కాలంలో పెండ్లి ఒక ఇంటి నెత్తిన పడేది కాదు. బియ్యం ఒకరివి, గుంజలు ఒకరివి, రెక్కల కష్టం ఇంకొకరిది. వీధంతా కలిసి మోసేది.

మరి ఇప్పుడు? గుంజలు అద్దెకు వస్తాయి. వంట కాంట్రాక్టుకు పోతుంది. పసుపు ప్యాకెట్లో వస్తుంది. వీధి చూడటానికి వస్తుంది, బరువు మాత్రం ఒక్క తండ్రి మోస్తాడు.

నా పెండ్లి నాటికే ఆ మార్పు మొదలైంది. మా నాయన అప్పటికి లేడు. మా అన్న చేశాడు. నలుగురిలో తక్కువ కాకూడదని రెండెకరాల చేను కుదువ పెట్టాడు. మూడు రోజుల పెండ్లి. ఆ చేను విడిపించుకోవడానికి మా అన్నకు తొమ్మిదేండ్లు పట్టింది. ఆ తొమ్మిదేండ్లూ మా వదిన ఏ పండక్కీ కొత్త చీర కట్టలేదు. ఆ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. తర్వాతెప్పుడో నాకే అర్థమైంది. నా పెండ్లి ఫోటో చూస్తే ఇప్పటికీ నాకు ముందు కనిపించేది మా వదినే.

అమ్మలారా, అన్నలారా, ఒక చిన్న లెక్క చెబుతాను. ఒక్క లెక్కే. బయట అప్పు తెస్తే నూటికి మూడు రూపాయల వడ్డీ అంటారు. వినడానికి మూడు రూపాయలే. లక్ష తెస్తే నెలకు మూడు వేలు. ఏడాదికి ముప్పై ఆరు వేలు. మూడేండ్లు తిరిగేసరికి కట్టిన వడ్డీయే లక్ష దాటిపోతుంది. అసలు మాత్రం అట్లే ఉంటుంది. మళ్లీ చెబుతాను. మూడేండ్లకు వడ్డీయే లక్ష దాటుతుంది, అసలు కదలదు.

ఏడుకొండలవాడు పద్మావతమ్మను పెండ్లాడటానికి కుబేరుని దగ్గర అప్పు చేశాడని మనం చిన్నప్పటి నుంచి వింటున్నాం. ఆ వడ్డీ ఇంకా కడుతూనే ఉన్నాడని చెబుతారు. ఆయన కోసం లోకమంతా ముడుపు కడుతుంది. మన వడ్డీ కట్టేది మాత్రం మన బిడ్డలే. పెండ్లిలో ఎవరిని అక్షింతలేసి దీవించామో, ఆ ఇద్దరే మళ్లీ మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని గుంటూరు బండెక్కుతారు.

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అన్నారు పెద్దలు. ఆ రెంటికీ ఒక తేడా ఉంది. ఇల్లైతే చేతిలో డబ్బు లేనప్పుడు గోడల దాకా లేపి ఆపుకోవచ్చు. వచ్చే ఏడు కప్పు వేసుకోవచ్చు. పెండ్లి అట్లా సగంలో ఆగదు. ముహూర్తం పెట్టాక పరుగే. ఆ పరుగులో ఎవరేం అడిగినా "సరే, కానీయండి" అంటాం. అందుకే ఆలోచన ముహూర్తానికి ముందే జరగాలి.

మా ఇంట్లో ఒక మాట అనుకున్నాం. ముందు సంచి, తర్వాత పందిరి. చేతిలో ఉన్న దుడ్ల సంచి ముందు విప్పి చూసుకోవాలి. అది ఎంత ఉంటే పందిరి అంత. పందిరి ముందు వేసి సంచి కోసం ఊరి మీద పడకూడదు.

అప్పు లేకుండా మా చేతిలో ఉన్నది మూడు లక్షలు. ఆ సంగతి వియ్యాలవారికి చెప్పాలా వద్దా అని మా ఆయన రెండు రోజులు మథనపడ్డారు. చెబితే చులకన అవుతామేమో అని భయం. చివరికి నేనే చెప్పేశాను. వాళ్లది ఎమ్మిగనూరు. మగ్గం మీద బతికే ఇల్లు. నేను చెప్పింది విని మా వియ్యపురాలు అన్న మాట ఇది. "అప్పు తెచ్చి మాకు మర్యాదలు చేయొద్దు వదినా. ఆ అప్పు రేపు మా కోడలి మొగంలో కనపడుతుంది."

అంత మంచి మాట మా కోసిగిలో నేను ఏ పెద్దమనిషి నోటా వినలేదు. ఇట్లాంటి మాట వినాలంటే ముందు మనమే నోరు తెరవాలి. మన చేతిలో ఎంతుందో చెప్పకుండా, ఎదుటివాళ్లు ఎంత కోరుతారో అని ఊహించుకుని, ఆ ఊహకు అప్పులు చేస్తున్నాం. కట్నం ఇవ్వడమూ నేరమే, తీసుకోవడమూ నేరమే అని 1961 నుంచి చట్టం ఉంది. ఆ చట్టం గురించి మాట్లాడటం కన్నా వియ్యపురాలితో పది నిమిషాలు మనసు విప్పి మాట్లాడటం కష్టంగా ఉంది మనకు. అయినా మాట్లాడాలి.

తర్వాత ఎవరిని పిలవాలి అనే సంగతి. పెండ్లి ఖర్చంతా ఇక్కడే పుడుతుంది. మండపం ఎంత పెద్దది, ఆకులెన్ని, బండ్లెన్ని, అన్నీ తలకాయల లెక్కే.

మా అమ్మాయి రెండు కాగితాలు తెచ్చింది. ఒకదాంట్లో "వీళ్లు రాకపోతే నాకు ఏడుపొస్తుంది" అని రాసి కింద పేర్లు రాసింది. రెండోదాంట్లో "పిలవకపోతే ఏమనుకుంటారో" అని రాసి ఆ కాగితం మా ఆయన చేతిలో పెట్టింది. మొదటి కాగితంలో నూట నలభై పేర్లు వచ్చాయి. రెండోది ఆరు వందలు దాటింది.

ఆ మొదటి కాగితంలో ఎవరున్నారో చూసి నాకు ఆశ్చర్యమేసింది. దాని బడిలో మధ్యాహ్నం అన్నం వండి పెట్టిన ఆమె ఉంది. చిన్నప్పుడు జ్వరమొస్తే భుజానేసుకుని ఆదోని ఆసుపత్రికి తీసుకుపోయిన పక్కింటి చిన్నాయన ఉన్నాడు. మేము దగ్గరివాళ్లం అనుకున్న చుట్టాలు కొందరు అందులో లేరు. బిడ్డ మనసులో ఎవరున్నారో తల్లినైన నాకే ఆ రోజు దాకా తెలియదు.

అహోబిలం పారువేట గురించి మీకు తెలుసు కదా. కనుమ నాడు మొదలుపెట్టి నలభై రోజులకు పైగా నరసింహస్వామి పల్లకిలో ఊరూరా తిరుగుతాడు. ముప్పైకి పైగా ఊళ్లు. ఎందుకు తిరుగుతాడు? తన కల్యాణానికి రమ్మని పిలవడానికి. చెంచులు ఆయన్ను తమ ఇంటి అల్లుడంటారు. దేవుడంతటివాడు కబురు పంపి ఊరుకోడు. వాకిట్లోకి వచ్చి పిలుస్తాడు. మన సీమలో పిలుపు అంటే అది.

మేము కూడా అట్లే చేశాం. బంగారు రంగు కార్డులు కొట్టించలేదు. నూట నలభై పేర్లకూ మనుషులే పోయి పిలిచాం. బొట్టు పెట్టి, తాంబూలం ఇచ్చి, ఆ అరుగు మీద కాసేపు కూర్చుని వచ్చాం. పన్నెండు రోజులు పట్టింది. మా అమ్మాయి కొన్ని ఇండ్లకు తానే వచ్చింది. అన్నం వండిన ఆమె తలుపు దగ్గర నిలబడి "నన్ను పిలవడానికి ఇంతదూరం వచ్చినావా బిడ్డా" అని ఏడ్చింది. ఏ కార్డు ఆ కన్నీళ్లు తెప్పిస్తుంది చెప్పండి.

రెండో కాగితంలోని వాళ్లు అలగలేదా అంటే, అలిగారు. మా ఆయన పెదనాయన కొడుకు ఒకాయన ఆరు నెలలు మా గడప తొక్కలేదు. మాకు బాధే అయింది. తర్వాత వచ్చాడు. ఆయన అలక తీరింది. అదే ఆయన మొగం చూసి అప్పు చేసి ఉంటే, ఆరు నెలలకు ఆ అప్పు తీరేదా?

పెండ్లి ఎక్కడ అనే సంగతి త్వరగానే తేలింది. మా వీధిలోనే పందిరి. కొందరు ఉరుకుంద ఈరన్నస్వామి సన్నిధిలో చేస్తారు, అదీ మంచిదే. తిరుమలలో కల్యాణ వేదిక అని 2016 నుంచి దేవస్థానం వారే ఉచితంగా పెండ్లి జరిపిస్తున్నారు. పురోహితుడు, మంగళవాద్యం, పసుపు కుంకుమలు అన్నీ వాళ్లవే. ముందుగా పేర్లు నమోదు చేసుకోవాలి, రెండు వైపులా అమ్మానాయనలు రావాలి. అప్పు ఒడ్డున నిలబడిన ఇల్లు ఎవరిదైనా ఉంటే ఈ సంగతి గుర్తు పెట్టుకోండి.

పెండ్లిచీర మా వియ్యంకుడే నేశాడు. నూలు చీర, పట్టంచు. ఎమ్మిగనూరు అంటే మాచాని సోమప్ప గారు 1938 లో చేనేత సంఘం పెట్టిన ఊరు. ఆ మగ్గాల చప్పుడులో పెరిగిన మనిషి తన కోడలికి తన చేత్తో నేశాడు. జైలులో నెహ్రూ వడికిన నూలుతో నేసిన చీర కట్టుకునే 1942 లో ఇందిర పెండ్లిపీటల మీద కూర్చుంది. నా బిడ్డ చీరకు కూడా నేను అంత విలువ ఇస్తాను. బంగారం సంగతి ఇంకెంత చెప్పినా తక్కువే. 2025 లో పది గ్రాములు లక్ష దాటిపోయింది. పుస్తెలు చేయించండి. మిగతాది పిల్ల పేరున పోస్టాఫీసులో వేయండి.

భోజనాల దగ్గర మాత్రం నన్ను కాస్త నిదానంగా చెప్పనివ్వండి.

పొద్దున ఉగ్గాని, మిరపకాయ బజ్జి. మధ్యాహ్నం బక్ష్యాలు, చిత్రాన్నం, గుత్తొంకాయ, పప్పు, అన్నం, చారు, మజ్జిగ. అంతే. బక్ష్యాల మీద నెయ్యి మాత్రం ధారగా పోశాం. పిండి కలిపింది, పూర్ణం రుబ్బింది మా వీధి ఆడవాళ్లే. ముందు రోజు సాయంత్రం నుంచి పొయ్యిల చుట్టూ కూర్చుని పెండ్లి పాటలు పాడుకుంటూ చేశారు. ఆ పాటలు మా అమ్మాయి ఫోన్లో దాచుకుంది. డీజే పెట్టి ఉంటే ఆ పాటలు వినపడేవి కావు.

ఈ మధ్య ఒక పెండ్లికి పోయాను. పాతిక రకాలు పెట్టారు. జనం ప్లేట్ల నిండా పెట్టుకున్నారు. సగం తిన్నారు, సగం పారేశారు. మండపం వెనక గుట్టగా పడి ఉంది అన్నం. ఆ గుట్ట ఎదురుగా గిన్నె పట్టుకుని ఒక ముసలామె నిలబడి ఉంది.

మనది కరువు సీమ. 1866 కరువులో ఉయ్యాలవాడలో బుడ్డా వెంగళరెడ్డి గారు వేలమందికి అన్నం పెట్టి ప్రాణాలు నిలిపారు. నూట యాభై ఏండ్లు దాటినా ఆయన పేరు మీద పాటలు పాడుతూనే ఉన్నారు మన ఊళ్లల్లో. ఎన్ని రకాలు వడ్డించాడని ఎవరూ పాడరు. ఆకలైనవాళ్లకు పెట్టాడని పాడతారు. ఆ గడ్డ మీద పుట్టినవాళ్లం మనం. మా పందిట్లో బంతి లేచాక మిగిలిన అన్నం చల్లారకముందే గుడి దగ్గరికి పంపించాం.

తక్కువలో పెండ్లి చేయడం చేతకానివాళ్ల పని అనుకునేవాళ్లకు ఒక్క సంగతి చెబుతాను. త్రిపురనేని రామస్వామి చౌదరి గారు పెండ్లి తంతును తెలుగులో రాసి, అందరికీ అర్థమయ్యేలా జరిపించారు. నాస్తిక ఉద్యమం నడిపిన గోరా గారి కూతురు మనోరమ పెండ్లి తానే చేస్తానన్నారు గాంధీజీ. దళిత యువకుడితో పెండ్లి అది. 1948 జనవరిలో గాంధీజీ పోయారు. మార్చిలో సేవాగ్రాం ఆశ్రమంలో ఆ పెండ్లి జరిగింది. ఆడంబరం లేని పెండ్లి. డెబ్భై ఏండ్లు దాటినా చెప్పుకుంటున్నాం.

ఇప్పుడు చెప్పబోయేది చెప్పడానికే నేను ఈ పూట ఇక్కడికి వచ్చాను. దయచేసి రేడియో కట్టేయకండి.

ఖర్చు తగ్గించుకోవడం మంచిదే. కానీ ఒక తగ్గింపు మాత్రం చేయకూడదు. మా మండలంలో అది జరుగుతోంది.

కొన్నేండ్ల కింద తొమ్మిదో తరగతిలో నా దగ్గర ఒక పిల్ల చదివేది. లెక్కల్లో దిట్ట. వాళ్ల అక్క పెండ్లి కుదిరింది. అదే పందిట్లో ఈ పిల్లకూ చేసేద్దామనుకున్నారు. తెలిసి ఇంటికి పోయాను. ఆ తండ్రి చెడ్డవాడు కాదు. చేతులు కట్టుకుని అన్నాడు. "టీచరమ్మా, ఒక పందిరి ఖర్చుతో రెండు పెండ్లిళ్లు అయిపోతాయి. మేము గుంటూరు పోతే ఎదిగిన పిల్లను ఎవరి దగ్గర వదిలి పోవాల?"

నేను రెండుసార్లు పోయాను. మూడోసారి పోయేసరికి పందిరి పీకేశారు. పెండ్లి అయిపోయింది. అధికారులకు ఫోన్ చేసి ఉంటే ఆగేదేమో. నేను నచ్చజెప్పగలను అనుకుని ఊరుకున్నాను. ఆ తప్పు నాదే. ఆ పిల్ల కూర్చునే చోటు ఆ ఏడంతా ఖాళీగా ఉంది.

ఒక పందిరి ఖర్చు మిగిలింది నిజమే. ఆ మిగులు ఎవరి చదువు నుంచి, ఎవరి ఒంటి నుంచి వచ్చింది? ముందు సంచి, తర్వాత పందిరి అన్నాను. ఆ సంచిలో బిడ్డ వయసు వేయకండి. మళ్లీ చెబుతాను. సంచిలో బిడ్డ వయసు వేయకండి. పిల్లకు పద్దెనిమిది, పిల్లవాడికి ఇరవై ఒకటి నిండాలి. 2006 చట్టం ప్రకారం అంతకు ముందు చేసే పెండ్లి నేరం. చేసినవాళ్లూ, చేయించినవాళ్లూ శిక్షకు లోనవుతారు. ఎక్కడైనా అట్లాంటి పెండ్లి జరుగుతోందని తెలిస్తే 1098 కు ఫోన్ చేయండి. డబ్బు ఖర్చు కాదు. ఒకటి, సున్న, తొమ్మిది, ఎనిమిది. నేను చేయని ఫోన్ మీరు చేయండి.

అక్కాచెల్లెండ్లు ఇద్దరికీ ఈడు వస్తే ఒకే పందిట్లో చేయండి, నిండుగా ఉంటుంది. చెల్లికి రాకపోతే ఆగండి. పందిరి మళ్లీ వేసుకోవచ్చు.

పెండ్లి అయ్యాక రిజిస్టరు చేయించడం మరిచిపోకండి. మన రాష్ట్రంలో 2002 చట్టంతో అది తప్పనిసరి అయింది. రేపు ఏ కష్టమొచ్చినా పిల్ల చేతిలో ఉండే బలం ఆ కాగితమే.

మా నాయన పుస్తకంలో ఇంకా కొన్ని పేజీలు ఖాళీగా ఉండేవి. మా అమ్మాయి పెండ్లి ముయ్యి వాటిల్లోనే రాశాను. ఎవరు ఎంత పెట్టారో రాశాను. బక్ష్యాలు ఒత్తినవాళ్ల పేర్లు, పందిరి కట్టినవాళ్ల పేర్లు, రాత్రంతా పాటలు పాడినవాళ్ల పేర్లు కూడా రాశాను. ఆ బాకీలు నేను తీరుస్తూ ఉన్నాను. మొన్ననే ఒక ఇంట్లో పసుపు దంచి వచ్చాను.

ఉగాది దాటితే మా దిక్కు మళ్లీ పెండ్లి మాటలు మొదలవుతాయి. మీ ఇంట్లోనూ మొదలవుతుండొచ్చు. పురోహితుడి దగ్గరికి పోయే ముందు, మండపానికి అడ్వాన్సు కట్టే ముందు, ఒక సాయంత్రం మీ పిల్లను పక్కన కూర్చోబెట్టుకోండి. చేతికి ఒక కాగితం ఇవ్వండి. "ఎవరు రాకపోతే నీకు ఏడుపొస్తుంది తల్లీ?" అని అడగండి. ఆ పేర్లు రాసేదాకా ఓపికగా కూర్చోండి.